కొసొవో తొలి ఎన్నికలు – ఒక పరిశీలన
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



బాల్కన్ దేశమైన కొసొవో గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. జనాభా ఇరవై లక్షల లోపు. నూటికి తొంభై మందికి పైగా ముస్లింలు. అయినా అది ఇస్లామిక్ రాజ్యం కాదు. మత విషయాలలో ప్రభుత్వం తటస్థమని రాజ్యాంగంలోనే వ్రాసుకున్నారు. అక్కడ మనుషులను వేరుచేసేది మతం కన్నా భాష. అల్బేనియన్ మాట్లాడేవారిలో క్రైస్తవులూ ఉన్నారు. మన కలకత్తా మదర్ థెరిసా అల్బేనియన్ కుటుంబంలో పుట్టినావిడే. రాజధాని ప్రిష్టినాలో ముఖ్యమైన వీధికి ఆమె పేరే పెట్టుకున్నారు.

1998–99 యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి పాలనలో ఉండి, 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. సెర్బియా ఒప్పుకోలేదు. మన దేశం కూడా ఇంతవరకు గుర్తించలేదు. అందుచేత 2010 డిసెంబరు 12న జరిగిన తొలి సాధారణ ఎన్నికలు వాళ్ళకు పరీక్ష వంటివి. మమ్మల్ని మేము పాలించుకోగలమని లోకానికి చూపించుకోవాలి గదా!

ఎన్నికలు ముందుగా ఎందుకు వచ్చాయో వినండి. అధ్యక్షుడు ఫాత్మిర్ సెయ్దియు తన పార్టీ నాయకత్వాన్ని వదలకుండా, పక్కన పెట్టానని మాత్రం అన్నారు. పక్కన పెట్టడం వదులుకోవడం కాదని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. ఆయన సెప్టెంబరులో రాజీనామా ఇచ్చారు. ఆయన పార్టీ ప్రభుత్వం నుండి తప్పుకున్నది. నవంబరు 2న అవిశ్వాస తీర్మానం నెగ్గింది.

అక్కడ మనలాగ నియోజకవర్గాలు లేవు, దేశమంతా ఒకటే. ఆ ఎన్నికల్లో ఓటరు ఒక పార్టీని ఎంచుకుని, దాని జాబితాలో అయిదుగురి దాకా పేర్లకు గుర్తు పెట్టే వీలుండేది. సభలో 120 సీట్లు. అందులో 20 అల్పసంఖ్యాకులవి: సెర్బులకు 10, రోమా, అష్కలీ, ఈజిప్షియన్ అనే మూడు తెగలకు కలిపి 4, బోస్నియాక్‌లకు 3, తుర్కులకు 2, గొరానీలకు 1. ఆ ఎన్నికల్లో మిగతా నూరు సీట్లలో వాళ్ళు గెలుచుకున్నవి ఏవైనా ఉంటే అవి అదనం. మన రిజర్వుడు నియోజకవర్గంలో అందరూ ఓటేస్తారు; అక్కడ ఆ వర్గం పార్టీలకు పడిన ఓట్లను బట్టే వాళ్ళ సీట్లు పంచుతారు. నిన్న యుద్ధం చేసుకున్నవారికి ఇన్ని సీట్లు ఎందుకని సణిగినవారు లేకపోలేదు. నాకైతే ఆ రాజ్యాంగంలో మెచ్చుకోదగిన భాగం ఇదేననిపిస్తుంది. ఇబర్ నదికి ఉత్తరాన ఉన్న సెర్బులు చాలావరకు ఎన్నికలను బహిష్కరించారు. దక్షిణాన ఉన్నవాళ్ళు మాత్రం వచ్చి ఓటేశారు. వాళ్ళ పార్టీ ఒకటి 8 సీట్లతో ప్రభుత్వంలో చేరింది, ఉప ప్రధాని పదవి కూడా పొందింది.

ఇక చేదు సంగతి. దేశం మొత్తం మీద సగం మంది కూడా ఓటేయలేదు. స్కెండెరాయ్ అనే ఊళ్ళో మాత్రం పోలింగు 90 శాతం దాటింది! అది ప్రధాని హాషిమ్ థాచి పార్టీకి కంచుకోట. పెట్టెల్లో ఓట్లు ఎలా నిండాయో చెప్పనక్కరలేదు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అధికారులు కప్పిపుచ్చకుండా స్కెండెరాయ్, ద్రెనాస్, దెచాన్‌లలోను, మరి కొన్ని కేంద్రాలలోను 2011 జనవరి 9న మళ్ళీ ఓటింగు పెట్టించారు. మిత్రోవిత్సాలో 23న. చివరికి థాచి పార్టీకి 34 సీట్లు వచ్చి మొదటి స్థానం దక్కింది. సెయ్దియు పార్టీకి 27. మొదటిసారి పోటీచేసిన ‘వెతెవెందోస్యె’కు 14. ఆ మాటకు స్వయంనిర్ణయం అని అర్థం.

థాచి మళ్ళీ ప్రధాని అయ్యారు. ఫిబ్రవరి 22న వ్యాపారవేత్త బెహ్‌జెత్ పత్సోలి 62 ఓట్లతో అధ్యక్షుడైనారు. ప్రతిపక్షం బయటకు నడిచింది, పోటీకి రెండో అభ్యర్థి లేరు. ఇది చెల్లదని అదే న్యాయస్థానం మార్చి నెలాఖరులో తీర్పు చెప్పింది. ఎంతో ధనవంతుడు, అయినా నెల దాటగానే మారుమాట లేకుండా దిగిపోయారు.

ఏప్రిల్ 7న ఈసారి ఇద్దరు మహిళలను నిలబెట్టి ఓటింగు జరిపారు. ఏ పార్టీకీ చెందని ఆతిఫెతె యాహ్యాగా 80 ఓట్లతో గెలిచారు. పోలీసు శాఖలో ఉన్నతాధికారి, వయస్సు 35. ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు. అయిదేళ్ళు పూర్తిగా పనిచేసి 2016లో దిగారు.