మన మిద్దెలు, మెట్లదారి, అగ్నిభయం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ అనంతపురం సీమలో బిందె నీళ్ల విలువ మన ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నీళ్ల గురించి ఎప్పుడూ మాట్లాడుకునేదే. ఈరోజు నిప్పు గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మన పాత మిద్దెలు చూడండి. కట్టె దూలాలు, దంతెలు, పైన మట్టి. కింద అంగడి, పైన కాపురం. మేడమీదికి ఒకటే కొయ్య మెట్లదారి. మెట్ల కింద జాగా కనబడితే చాలు, పాత పరుపులు, గోనెసంచులు, గ్యాసు సిలిండరు అక్కడికే చేరతాయి. కరెంటు మీటరూ అక్కడే. ఇప్పుడు బ్యాటరీ స్కూటరుకు రాత్రంతా ఛార్జింగు పెట్టేదీ అక్కడే. అంటే నిప్పు పుట్టే చోటూ, మనం తప్పించుకుని పోవలసిన చోటూ ఒకటే!

పొగ పైకే పోతుంది. మెట్లదారి దానికి పొగగొట్టమవుతుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటల పొగ పై లాడ్జికి ఎక్కి 8 మంది చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద రసాయనాల డ్రమ్ములు అంటుకుని పలువురు, 2025 మే 18న చార్మినారు దగ్గర గుల్జార్‌హౌజ్‌లో ఇరుకు మెట్లదారి ఒక్కటే ఉన్న ఇంట్లో 17 మంది పోయారు. వారిలో 8 మంది పిల్లలు.

అమెరికాలో ఇళ్లు ఎక్కువగా కొయ్యతోనే కడతారు. స్ప్రింక్లర్లు అమర్చే భవనంలో మెట్లు కాలే సామానుతో కట్టినవైతే, మెట్ల కింద కూడా స్ప్రింక్లరు ఉండాలని అక్కడి నియమం. స్ప్రింక్లరులో చిన్న గాజుబుడ్డి ఉంటుంది. మామూలు రకమైతే సుమారు 68 డిగ్రీల వేడికి అది పగిలి, నీళ్లు చిమ్ముతాయి. వేడి తగిలినదే తెరుచుకుంటుంది, అన్నీ కాదు.

"తాగేదానికే నీళ్లు లేవు, దీనికెక్కడివి?" అంటారు. ఇంటి స్ప్రింక్లరు ఒకటి నిమిషానికి సుమారు 50, 60 లీటర్లు పోస్తుంది. పది నిమిషాలకు 600 లీటర్లు. మంట పెరిగినాక ఫైరింజను పోసే నీళ్లు ఇంతకు ఎన్నో రెట్లు. పైగా మన సందుల్లోకి ఆ బండి దూరవద్దా?

అయితే తొట్టి ఎత్తు చాలకపోతే పంపు కావాలి, ఖర్చవుతుంది. చిన్న ఇళ్లకు మన జాతీయ భవన నియమావళి, 2016 స్ప్రింక్లరు అడగదు. కానీ మెట్లు కాలని సామానుతో కట్టాలనీ, మెట్లదారిలో గ్యాసు గొట్టాలు, కరెంటు ప్యానెళ్లు ఉండరాదనీ అది చెబుతుంది. పెద్ద భవనాలు కట్టే సభ్యులు స్ప్రింక్లరు సంగతి ఇంజనీరును తప్పక అడగండి.

తక్కినవారు కాసు ఖర్చు లేని పనులు చేయండి. మెట్ల కింద ఖాళీ చేయండి. స్కూటరు ఛార్జింగు బయట పెట్టండి. గవాక్షి మూత లోపలినుంచి తెరుచుకునేటట్టు చూడండి. కిటికీ గ్రిల్లు ఒక్కటైనా తెరుచుకోవాలి. మిద్దెమీదినుంచి పక్కమిద్దెకు దారి గురించి ఇరుగుపొరుగుతో మాట్లాడుకోండి. 101 నంబరు పిల్లలకు నేర్పండి.

వచ్చే సభనాటికి మెట్ల కింద జాగా ఖాళీ చేశామని ప్రతి ఇంటివారూ చెప్పగలిగితే అదే మాకు సంతోషం. సెలవు. ఖుదా హాఫిజ్.