శనివారపు కొండలు



మేము గ్లాస్గోలో చదువుకొనునాడు వారాంతములందు కొండలెక్కితిమని విని, ‘చదువునకై పంపిన బిడ్డలకు కొండలేల?’ యని మీలో కొందరడిగిరి. న్యాయమైన ప్రశ్నయే.

స్కాట్లండులో 3000 అడుగులు మించిన శిఖరములు 282 కలవు. 1891లో హ్యూ మన్రో వాని పట్టికను ప్రకటించుటచే వానిని మన్రోలందురు. బాధ్యతతో మెలగువారెవరైనను అచటి కొండలపై సంచరించుటకు 2003 నాటి చట్టము హక్కునిచ్చినది. విద్యార్థికి ఇంతకంటె చౌకయైన వినోదమేది? డబ్బాలోని పులిహోర మాత్రము చలికి రాయియగును.

డిసెంబరులో అచట పగలు ఏడు గంటలే. మూడు మైళ్లకొక గంట, ఎక్కు ప్రతి 2000 అడుగులకు మరియొక గంట యని 1892లో నైస్మిత్ చెప్పిన లెక్క కట్టి, తిరిగివచ్చు వేళను చీటీపై వ్రాసి బసలోని మిత్రునికిచ్చి బయలుదేరువారము. ఒకనాడు బెన్ లోమండు శిఖరము సమీపించుచుండగా పొగమంచు క్రమ్మెను. మాలో నొకడు ముందుకే పోవుదమనెను. చీటీలోని వేళను తలచి మేము మరలితిమి. దారి పొడుగునను అతడు మాటాడలేదు. అచట దారితప్పినవారిని వెదకువారు జీతము గొనని స్వచ్ఛంద సేవకులు. వారిని చీకటిలో కొండపైకి రప్పించుటకు మాకేమి అధికారము? మే మాసమున శిఖరము చేరితిమి. ఆనాడు అందరికంటె ముందు నడచినవాడు ఆ మిత్రుడే.