విదేశీ ఎంబీబీఎస్: డబ్బు కట్టేముందు

నీట్‌లో అర్హత సాధించినా ఇక్కడ సీటు రాక, పిల్లల్ని జార్జియాకో కిర్గిజ్‌స్తాన్‌కో పంపాలనుకుంటున్నారా? ఏజెంటు చేతిలోని ఫీజుల పట్టిక కన్నా ముందు, జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనలు చూడండి.

కోర్సు కనీసం 54 నెలలుండాలి. నాలుగేళ్ల కోర్సంటే 48 నెలలే. అక్కడే ఆరు నెలలు తక్కువ. బోధన ఇంగ్లీషులో సాగాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు లైసెన్సు పొందే అర్హత ఉండాలి. వీటిలో ఏది లోపించినా ఇక్కడ రిజిస్ట్రేషన్ చిక్కుల్లో పడుతుంది.

తిరిగొచ్చాక, విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి. తర్వాత మన ఆస్పత్రిలో మరో ఏడాది ఇంటర్న్‌షిప్.

అమ్మానాన్నలూ, పొలం తాకట్టు పెట్టేముందు ఈ వివరాలన్నీ కాలేజీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి.