బండి ఎత్తు పెంచే ముందు జాయింటు చూడండి

(సంఘం నిర్వహించిన మండల స్థాయి శిక్షణ తరగతిలో, మెకానిక్‌గా పనిచేస్తున్న సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి పడిందంటే మా షెడ్డుకు వచ్చే పికప్పులు, జీపుల వాళ్లది ఒకటే మాట: "డొంకలో అడుగు తగులుతోంది, బండిని నాలుగంగుళాలు లేపు." నల్లరేగడిలో ట్రాక్టర్ గాళ్లు పడిన బాటలో మిర్చి బస్తాలో, పత్తి బోరాలో వేసుకొని బయటపడాలంటే ఎంత కష్టమో నాకూ తెలుసు. ఆ కోరికలో తప్పు లేదు. కానీ ఎత్తు పెంచిన కొన్నాళ్లకే అదే బండి జాయింటు విరిగి, పంట మీద ఉండగానే డొంకలో ఆగిపోతోంది. మార్కెట్‌కు చేరాల్సిన సరుకు వానలో తడుస్తుంది. అందుకే ఈ రోజు జాయింట్ల గురించే మాట్లాడతాను.

మీకు తెలిసిన రోటావేటర్‌తోనే మొదలుపెడదాం

గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు పీటీఓ ఆపకుండా రోటావేటర్‌ను పైకెత్తితే ఏమవుతుంది? షాఫ్ట్ టకటకా కొట్టుకుంటుంది. అక్కడ ఉన్నది క్రాస్. షాఫ్ట్ తిన్నగా ఉన్నంతసేపు అది సుఖంగా తిరుగుతుంది. వంకర పెరిగితే, ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. అన్ని దెబ్బలు ఆ చిన్న బేరింగు మీదే పడతాయి.

బండి ఎత్తు పెంచడమంటే ఇదే పని రోడ్డు మీద, రోజంతా చేయడం. ఇంజను, గేరుబాక్సు ఛాసిస్‌తో పాటు పైకి పోతాయి. ఇరుసు మాత్రం చక్రాలతో కిందే ఉంటుంది. ఆ రెంటినీ కలిపే షాఫ్ట్ ఏటవాలు పెరుగుతుంది. ఆ భారమంతా జాయింటు మోయాలి.

లేపితే అడుగు తగలదా?

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ చూశారు కదా. డొంకలో చాలాసార్లు గట్టు మీద ఆనేది అదే. కమాన్ కట్టలు మార్చినా, దిమ్మలు పెట్టినా ఆ ఇరుసు ఒక్క అంగుళం కూడా పైకి లేవదు. పైకి పోయేది బాడీ, ఛాసిస్ మాత్రమే. ఇరుసు లేవాలంటే టైరు పెద్దది కావాలి. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళం. కాబట్టి ముందు మీ బండికి ఏ భాగం తగులుతోందో కింద పడుకొని గీతలు చూడండి. డిఫరెన్షియల్ మీదే గీతలుంటే కమాన్ల మీద పెట్టే డబ్బు వృథా.

ఇంకొకటి. కట్టలు చదునుబడి బండి కిందికి దిగి ఉండొచ్చు. అలాంటప్పుడు కంపెనీ కొలత ప్రకారం కొత్త కట్టలు వేయిస్తే అసలు ఎత్తు తిరిగి వస్తుంది, జాయింటుకు హాని లేదు.

ముందు చక్రాల జాయింట్లు మరీ సున్నితం

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు చక్రాలు విడివిడిగా ఆడే రకమైతే, ఒక్కో చక్రానికి వెళ్లే షాఫ్ట్‌కు సీవీ జాయింట్లుంటాయి. లోపల ఉక్కు గుండ్లు గాళ్లలో కదులుతుంటాయి. చుట్టూ రబ్బరు బూటు, దాంట్లో గ్రీజు. ఎత్తు పెరిగితే షాఫ్ట్ ఎప్పుడూ వంగే ఉంటుంది. బూటు మడతలు ఒకదానికొకటి రాసుకొని చిరుగుతాయి. గ్రీజు బయటికి పోయి, బురద లోపలికి పోతుంది. ఆపైన ఆ జాయింటు ఎంతోకాలం ఉండదు.

టార్షన్ బార్ ఉన్న బండ్లలో బోల్టు బిగిస్తే చాలు, ఖర్చు లేకుండా ముందుభాగం లేస్తుంది. అందుకే చాలామంది ఆశపడతారు. కానీ చక్రం గుంతలోకి దిగడానికి ఉండాల్సిన చోటు అప్పుడే అయిపోతుంది. గుంతలో చక్రం వేలాడుతూ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ తొక్కితే జాయింటు విరిగేది ఆ క్షణంలోనే.

మెకానిక్‌లు పాటించే లెక్క ఒకటి చెబుతాను. ఇలాంటి ముందు ఇరుసు ఉన్న బండిని ఒకటిన్నర, మహా అయితే రెండంగుళాలు దాటి లేపకూడదు. అంతకు మించితే డిఫరెన్షియల్‌ను కూడా కిందికి దించే బ్రాకెట్లు ఆ బండికి తగినవి ఉండాలి. అవి లేకపోతే ఆ పని వద్దు.

పని చేయించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

ఒకటి: విప్పే ముందు చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు నాలుగు పక్కలా కొలిచి రాసుకోండి. సెల్‌ఫోన్‌లో వాలు చూపే యాప్‌ను షాఫ్ట్ మీద ఆనించి, పనికి ముందు, తర్వాత ఎంత వాలిందో చూడండి.

రెండు: జాయింట్ రాడ్డు విప్పేముందు ఫ్లాంజి మీద, రెండు ముక్కలు కలిసేచోట పెయింటుతో గుర్తు పెట్టించండి. రెండు చివర్ల క్రాస్‌లు ఒకే వరుసలో ఉంటేనే ఒకటి చేసిన కుదుపును రెండోది సరిచేస్తుంది. ఒక పల్లు తప్పించి బిగిస్తే ఆ కుదుపు పూర్తిగా సరికాదు. గేరుబాక్సు దగ్గరి వంపు, ఇరుసు దగ్గరి వంపు కూడా సమానంగా ఉండాలి.

మూడు: ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాకే చక్రం విప్పాలి. ఇరుసు కింద జాకీ ఉంచి మెల్లగా దించాలి. ఒక్కసారిగా వదిలేస్తే షాఫ్ట్ సాగి లోపలి జాయింటు ఊడుతుంది, బ్రేక్ పైపు తెగుతుంది. చక్రాలు వేలాడుతుండగా ఇంజను స్టార్ట్ చేసి గేరు వేయనీయకండి.

నాలుగు: చెక్క దిమ్మలు, దిమ్మ మీద దిమ్మ ఎప్పుడూ వద్దు. స్టీరింగ్ ఉన్న ముందు ఇరుసుకు దిమ్మలే వద్దు. యు-బోల్టులు కొత్తవి వేయించి, కొద్ది రోజులు తిరిగాక మళ్లీ బిగింపు చూపించండి.

ఐదు: పొడుగు షాకబ్జర్లు వేస్తే చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది. చక్రం పూర్తిగా దిగినప్పుడు జాయింటు బిగుసుకుపోకుండా చేత్తో తిరుగుతోందా అని చూశాకే వేయించండి.

ఆరు: చాలా పికప్పుల్లో బరువును బట్టి వెనక బ్రేకు బలాన్ని మార్చే వాల్వు ఉంటుంది. దాని కడ్డీ ఇరుసుకు కలిసి ఉంటుంది. ఛాసిస్ లేస్తే బండి ఖాళీగా ఉందనుకొని అది వెనక బ్రేకు తగ్గిస్తుంది. నిండు లోడుతో వాలులో దిగేటప్పుడు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని తప్పకుండా సరిచేయించండి.

బండి చెప్పే మాట వినండి

మలుపులో టక్ టక్ అంటే ముందు చక్రం బయటి జాయింటు అరిగింది. ఒక వేగం దగ్గర మాత్రమే వణికితే జాయింట్ రాడ్డు కావొచ్చు. రివర్సు గేరు వేయగానే ఠక్కుమంటే క్రాస్‌లో లూజు. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటే బూటు చిరిగింది. బూటు దగ్గరే పట్టుకుంటే కొద్ది ఖర్చుతో పోతుంది. వదిలేస్తే మొత్తం షాఫ్ట్ మార్చాలి.

చట్టం, ప్రాణాలు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి ఇది మంచి సాకు. పైగా ఎత్తు పెరిగిన బండి తొందరగా బోల్తా పడుతుంది. మిర్చి కోతలకు కూలి అక్కలను వెనక నిలబెట్టి తీసుకెళ్లే అలవాటు మనకుంది. సరుకు బండిలో మనుషులను ఎక్కించడమే నేరం. లేపిన బండిలో ఎక్కించడం వాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే.

చివరిగా ఒక మాట. మనం బండ్లను లేపుకుంటున్నది డొంకలు బాగాలేకనే. ఒక్కొక్కరం మెకానిక్‌కు పోసే డబ్బు మళ్లీ మళ్లీ పోతూనే ఉంటుంది. డొంకకు గ్రావెల్ పడితే ఊరంతటికీ మేలు. మీ ఊళ్లో ఏ డొంక ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ ఆక్రమణలో ఉందో, ఎన్ని ఎకరాల రైతులు దాని మీద ఆధారపడ్డారో గ్రామ కమిటీ రాసి పెట్టాలి. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించి, దాని నకలు తహసీల్దారుకు, ఎంపీడీఓకు ఇవ్వాలి. అప్పటిదాకా బండి కింద ఒకసారి చూడండి. బూటు చిరగలేదు కదా, క్రాస్‌కు గ్రీజు ఉంది కదా అని రేపు పొద్దున్నే చూసుకోండి. ఆ పనికి ఐదు నిమిషాలు చాలు.