సముద్రం అడుగున పరికరం, ఒడ్డున మా సంతకం



సముద్రంలో మీకు ఏం పని అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. మేము ఎలక్ట్రికల్, కంట్రోల్ ఇంజనీర్లం. సముద్రగర్భంలోని చమురు, గ్యాస్ బావులపై అమర్చే పరికరాలకు విద్యుత్తును, ఆజ్ఞలను అందించే ఏర్పాటు మాది. ఈ పనిలో అధికభాగం ఒడ్డునే, పరీక్షశాలలలో జరుగుతుంది.

1995 జనవరిలో పాశర్లపూడి వద్ద చెలరేగిన బావి మంట కోనసీమవాసులకు గుర్తుండే ఉంటుంది. నేలమీది బావిని అదుపు చేయడానికే రెండు నెలలకు పైగా పట్టింది. 2009 నుండి కృష్ణా–గోదావరి బేసిన్‌లోని లోతు సముద్రపు బావుల గ్యాస్ గాడిమొగ తీరానికి చేరుతున్నది. వెయ్యి మీటర్ల లోతున నీటి పీడనం మనపై ఉన్న గాలి పీడనానికి సుమారు నూరు రెట్లు. అక్కడికి మనిషి వెళ్ళి మరమ్మతు చేయలేడు. రోబో యంత్రాలే దిగాలి.

అందుకే అంబిలికల్ అనే కేబుల్, బిడ్డకు బొడ్డుతాడు వలె, విద్యుత్తును, సంకేతాలను, హైడ్రాలిక్ ద్రవాన్ని బావి వరకు మోసుకుపోతుంది. ద్రవపీడనం ఉన్నంతసేపే వాల్వు తెరుచుకుని ఉంటుంది. పీడనం పోతే స్ప్రింగు దానిని మూసివేస్తుంది. ముఖ్యమైన ప్రతి విద్యుత్ మార్గానికీ తోడుగా రెండవది ఉంటుంది.

అయితే రెండు ఉన్నాయన్న ధీమా ప్రమాదకరం. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది మరణించారు. కారణాలు అనేకం. వాటిలో ఒకటి ఇది: బావిని మూయవలసిన పరికరానికి ఉన్న రెండు కంట్రోల్ పాడ్‌లలో ఒకదానిలో బ్యాటరీ నీరసించిందనీ, మరొకదానిలో సొలినాయిడ్ వైరింగు తప్పిందనీ దర్యాప్తులలో తేలింది.

మాకూ ఒక పరీక్ష ఎదురైంది. నీటిలో ముంచిన కనెక్టరు మెగ్గర్ రీడింగు గంటగంటకూ పడిపోతున్నది. ఓడ సిద్ధంగా ఉంది. "రెండవ లైను బాగానే ఉంది కదా, సంతకం చేయండి" అన్నారు పైవారు. మాలో అందరికంటే చిన్నది, ఇంకా ఉద్యోగం ఖాయం కాని అమ్మాయి, ముందుగా వద్దన్నది. ఆమె జీతంపైనే ఆ ఇల్లు నడుస్తున్నది. ఆమె నిలబడిన తరువాతనే మేమందరం నిలబడ్డాము. విప్పి చూస్తే సీలు కింద ఒక సన్నని నూలుపోగు, దాని వెంట చెమ్మ. రెండు రోజులు ఆలస్యమైంది, మాటలు పడ్డాము, ఎవరూ మెచ్చుకోలేదు.

తల్లిదండ్రులారా! ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవారికి ఈ రంగంలో చోటుంది. సముద్రమని వెరచి ఆడపిల్లలను ఆపవద్దు. మన ఇళ్లలో తొలి ఇంజనీరు అయిన బిడ్డకు ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఎక్కువ. తప్పుడు కాగితంపై సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చిన రోజున "ఎందుకు పెట్టలేదు?" అని నిలదీయకండి. ఆ రోజున వారికి మీ అండ కావాలి.