గురువును మించిన శిష్యుడు: చదరంగం చెప్పే పాఠం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఒకరు రాసిన ప్రోగ్రామును తీసుకుని మార్పులు చేస్తే, అది అసలుదాన్ని మించగలదా? మించితే ఆ గొప్ప ఎవరిది? కంప్యూటరు చదువుతున్న పిల్లలకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఇది. చదరంగం ఆడే ప్రోగ్రాముల చరిత్రలో దీనికి మంచి జవాబుంది.

నార్వేకు చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ 'గ్లౌరుంగ్' అనే ప్రోగ్రాము రాసి, దాని కోడును అందరికీ ఇచ్చేశారు. ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా 2008లో దాన్ని తీసుకుని, లోపాలు సరిచేసి, 'స్టాక్‌ఫిష్' అని పేరు పెట్టారు. స్టాక్‌ఫిష్ అంటే నార్వేలో ఎండబెట్టే చేప. ఇటలీలో దాన్ని ఇష్టంగా వండుకుంటారు. అంటే పేరులోనే పుట్టిల్లు చెప్పుకున్నారన్నమాట! కొద్దికాలంలోనే శిష్యుడు గురువును మించాడు. రోమ్‌స్టాడ్ తన ప్రోగ్రామును పక్కనపెట్టి, స్టాక్‌ఫిష్ కోసమే కలిసి పనిచేశారు.

ఎలా మించింది? 2013 నుంచి 'ఫిష్‌టెస్ట్' అనే ఏర్పాటు ఉంది. ఔత్సాహికులు తమ కంప్యూటర్లను ఇందుకు అప్పగిస్తారు. పాత రూపం, కొత్త రూపం వేల ఆటలు ఆడతాయి. ఆ పరీక్షలో నిలిచిన మార్పునే ఉంచుతారు, అది ఎవరు చేసినదైనా సరే. 2020లో, జపాను చదరంగం షోగీ కోసం యూ నాసు రూపొందించిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిని కలుపుకున్నాక బలం ఇంకా పెరిగింది.

రెండో కథ వేరు. 'రిబ్కా' అనే ప్రోగ్రాము 2007 నుంచి 2010 వరకు వరుసగా ప్రపంచ కంప్యూటర్ చదరంగ పోటీలు గెలిచింది. 'ఫ్రూట్', 'క్రాఫ్టీ'ల నుంచి తీసుకున్నది చెప్పలేదని తేల్చి, అంతర్జాతీయ కంప్యూటర్ క్రీడల సంఘం 2011లో ఆ బిరుదులు రద్దుచేసింది. దాని రచయిత ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. ఆటలో బలం లేదని ఎవరూ అనలేదు. అయినా బిరుదులు నిలవలేదు.

చిన్నారులారా, ఇంకొకరి పని మీద మీ పని కట్టుకోవడం తప్పు కాదు. మేమంతా ఈ గురువులు చెప్పిన పాఠాల మీదే బతుకులు కట్టుకున్నాం. ఎవరి దగ్గర తీసుకున్నారో పేరు చెప్పండి. మెరుగైందో లేదో పరీక్షించి చూడండి. మెరుగైతే తర్వాతివారికి ఇవ్వండి. స్టాక్‌ఫిష్‌ను మార్చి పంచేవారు ఆ కోడును కూడా ఇవ్వాలన్నది దాని షరతు. గురుదక్షిణ అంటే నాకు తెలిసింది అదే.