బి.పి. తగ్గకపోతే తప్పెవరిది?

(మెట్టుగూడలో ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇందాక ఒక చెల్లెలు "మనవాళ్ళు మాత్రలు సరిగా వేసుకోరక్కా, అందుకే బి.పి. తగ్గదు" అంది. చాలా ఏళ్ళు నేనూ అదే అన్నాను. 'మందులు సక్రమంగా వాడదు' అని కార్డు మీద రాసి పంపేశాను కూడా. ఆ ఒక్క వాక్యం గురించే మాట్లాడతాను.

ఈ చుట్టుపక్కలే నాలుగిళ్ళలో పాచిపని చేసే ఒకామెకు ఎప్పుడు చూసినా 170/100 ఉండేది. మాత్రలు వేసుకుంటున్నావా అంటే తలూపేది. ఒకరోజు వాళ్ళింటికెళ్ళి కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. ఆస్పత్రిలో పదిరోజుల మాత్రలే ఇస్తారు. మళ్ళీ వెళ్ళాలంటే ఒక పూట పని పోతుంది, జీతం కోత పడుతుంది. అందుకని రోజు విడిచి రోజు వేసుకుంటోంది. భర్తకూ బి.పి.; ఆయనవి అయిపోతే తనవి ఆయనకిస్తుంది. సాయంత్రానికి మోకాళ్ళు సలుపుతుంటే షాపులో నొప్పిమాత్ర కొని మింగుతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి రక్తపోటును పెంచుతాయి, బి.పి. మందును సరిగా పనిచేయనివ్వవు. ఈ సంగతి ఆమెకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడగనైనా లేదు.

రోజుకు 5 గ్రాముల ఉప్పు మించొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. సరే. కానీ అందరూ తిన్నాక కూరగిన్నెలో ఏమీ మిగలని మనిషికి అన్నం దిగాలంటే ఆవకాయే గతి. ఉప్పు తగ్గించి వండితే కంచం విసిరికొట్టే ఇంట్లో మన సలహా ఏ మూలకు?

మన తొందర సంగతీ చెప్పుకోవాలి. పరుగున వచ్చినామెను ఐదు నిమిషాలు కూర్చోనివ్వకుండా, లావు చేతికి చిన్న పట్టీ చుట్టి చూస్తే అంకె ఎక్కువే వస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో నూటికి 26 మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా అందుకు మందు వాడుతున్నారు. వీళ్ళందరినీ నిర్లక్ష్యపు మనుషులందామా? 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఒకసారి వస్తే కనీసం 30 రోజుల మందు ఇవ్వాలన్నది అందులోని నియమమే. కనుక నెల మాత్రలు అడగడం బతిమాలుకోవడం కాదు. ఆమె ఒక్కతే వెళ్ళి అడిగితే కసురుతారు. పదిమందిమి కలిసి వెళదాం.

ఈలోగా మన కార్డుల్లో 'వాడదు' అని రాసేచోట ఎందుకు వాడలేకపోతోందో రాయడానికి ఇంకొంచెం చోటు వదలండి. వచ్చే సమావేశానికి ఆ కార్డులు తీసుకురండి, కలిసి చదువుదాం.